పెళ్ళి చీటీలో మూడో వరుస

ఆత్మకూరు బజారులో యాభై ఏళ్ళుగా కిరాణా కొట్టు నడుపుతున్నవాణ్ణి. వర్తక సంఘానికి మూడుసార్లు అధ్యక్షుణ్ణి. బడిపిల్లలకు మంచినీళ్ళ ట్యాంకు కట్టించాను, నాలుగు శాలువాలు కప్పించుకున్నాను. చదివింది మాత్రం మా ఊరి బడిలో అయిదో తరగతి దాకానే. ఇన్ని చేసిన చెంచయ్య ఒక మనిషిని మళ్ళీ తన కొట్టుకు రప్పించుకోలేకపోయాడు. ఆ మనిషి పేరు ఓబమ్మ.

ఉదయగిరి కొండ కింది పల్లె ఆమెది. మొగుడు పోయేనాటికి ఆమెకు ముప్పై నిండలేదు. ఒక కొడుకు, ఏడు మేకలు. ఎండాకాలం పొద్దు పొడవకముందే కొండెక్కి మోదుగాకు కోసుకొచ్చేది. ఆరబెట్టి, రాయి పెట్టి అణిచి, సన్నటి వెదురు పుల్లలతో విస్తర్లు కుట్టేది. మంగళవారం మంగళవారం బస్సులో వచ్చి నా కొట్లో కట్టలు దించేది. వంద అని చెప్పిన కట్టలో నూటరెండు ఉండేవి. "ఆ రెండూ ఎందుకు?" అంటే, "చినిగినయ్యి ఉంటాయేమోనని. నీ నోటికి ఎవురు జడవరు?" అనేది.

కట్ట దించాక బియ్యం బస్తాకు ఆనుకొని కూర్చునేది. మా ఆవిడ రామలక్ష్మమ్మ మజ్జిగ తెచ్చి ఇచ్చేది. ఇద్దరూ కలిస్తే ఇక నా పని అంతే.

"ఏంది శెట్టీ, బొజ్జ పెరగతా ఉండాది. నాతో ఒక్కనాడు కొండెక్కు, దెబ్బకి దిగిపోతాది."

"ఆయన కొండెక్కితే కొండే దిగిపోతాదిలే ఓబమ్మా," అనేది మా ఆవిడ.

వచ్చినవాళ్ళు నవ్వేవారు. ఎండుటాకు వాసన సాయంత్రం దాకా కొట్లో ఉండేది. ఇరవై ఏళ్ళ మంగళవారాలు అలా నడిచాయి. వాటి విలువ అప్పట్లో నాకు తెలియదు.

తరువాత ప్లాస్టిక్ పూత వేసిన ప్లేట్లు వచ్చాయి. మా బజారులో మొదట తెచ్చింది నేనే. అది కూడా గొప్పగానే చెప్పుకున్నాను. ఒక మంగళవారం ఓబమ్మ వచ్చింది. "ఆకులకు గిరాకీ లేదు. ఇక మీదట తేవద్దు," అన్నాను. తల మీది కట్ట ఇంకా దించనే లేదు. "సరే శెట్టీ," అని అట్నుంచి అటే తిరిగి బస్టాండు వైపు వెళ్ళిపోయింది. నేను చక్కెర తూస్తూ ఉండిపోయాను.

నాలుగేళ్ళ తరువాత ఒక పెళ్ళికి వెళ్ళి, చేయి కడుక్కోవడానికి మండపం వెనక్కి వచ్చాను. నడుమెత్తు ప్లేట్ల కుప్ప. సాంబారు అంటిన ప్లేటును ఒక గేదె నమలలేక, వదలలేక నములుతోంది. పక్కనే ఖాళీ అట్టపెట్టెలు, వాటి మీద నా కొట్టు పేరు. ఆ పూట నాకు ఓబమ్మ గుర్తుకొచ్చింది. ఆ తరువాత గుర్తుకు రాని మంగళవారం లేదు.

పిలవాలంటే ఏ మొహం పెట్టుకొని పిలవను? ముందు ఆకులకు గిరాకీ పుట్టించాలి అనుకున్నాను. సంఘం తరఫున సభ పెట్టి అరగంట మాట్లాడాను. అందరూ చప్పట్లు కొట్టి, ప్లాస్టిక్ గ్లాసుల్లో కూల్‌డ్రింకు తాగి, గ్లాసులు కుర్చీల కింద పడేసి వెళ్ళారు. కరపత్రాలు వేయించాను. వాటిలో పల్లీలు పొట్లం కట్టుకున్నారు.

దారి చూపింది నా చేతిరాతే. మా వైపు పెళ్ళి సరుకుల చీటీ కొట్లోనే రాయించుకుంటారు. మొదటి వరుస పసుపు, రెండోది కుంకుమ. ఆ చీటీని దేవుడి దగ్గర పెడతారు కాబట్టి కొట్టివేత ఉండకూడదు. తప్పు పడితే కొత్త కాగితం తీసుకోవాల్సిందే. ప్లేట్లు ఎప్పుడూ అట్టడుగున, అగరొత్తుల తరువాత ఉండేవి. నేను ఆ వరుస తీసేసి, కుంకుమ కింద మూడో వరుసలో "విస్తరాకులు" అని రాయడం మొదలుపెట్టాను.

మొదట చిక్కింది చేజర్ల మాల్యాద్రి. కూతురి పెళ్ళి.

"ఏంది చెంచయ్యా, ఆకులు రాసినావు? మేం ప్లేట్లు కదా అనుకున్నింది!"

"వద్దంటే కొట్టెయ్. ఇదిగో పెన్ను."

పెన్ను పట్టుకున్నాడు. పక్కనున్న భార్య చేయి పట్టుకుంది. "పెళ్ళి చీటీ మీద గీత గీస్తావా? బుద్ధుండాదా నీకు?"

"నేనేడ గీసినాను! ఉండనీలే, ఆకులే తినమను," అని మాల్యాద్రి పెన్ను నా చేతికిచ్చాడు.

ప్లేట్లు అమ్మనని నేను ఎవరితోనూ అనలేదు. అటక మీదికి ఎక్కించాను, అంతే. కావాలన్నవాళ్ళకు నిచ్చెన చూపించేవాణ్ణి. ఆకుల కట్టలు మాత్రం చేతికందే ఎత్తులో ఉంచాను.

మా మనవరాలు శ్రీదివ్య నెల్లూరులో సైకాలజీ చదువుతోంది. ఇదంతా చూసి పకపకా నవ్వింది. "తాతా, నువ్వు చేసింది మాకు రెండు పాఠాలుగా ఉండాది. ఎదురుగా రాసిపెట్టిందాన్ని మార్చడం మనిషికి బద్ధకం. అందనిదాన్ని అడగడం ఇంకా బద్ధకం." మూడో పాఠం తనే చెప్పింది. కొట్టు ముందు పలక పెట్టి, ఆ నెల ఆకుల్లో భోజనం పెట్టినవాళ్ళ ఇంటిపేర్లు రాయించింది. పదిమంది చేస్తున్నారని కనిపిస్తే పదకొండోవాడు ఆగడట. నిజమే. "మా పేరు రాయలేదేంది?" అని కలిగిరి నుంచి ఫోన్లు వచ్చాయి. రెండేళ్ళలో నూట ముప్పై పెళ్ళిళ్ళు ఆకుల మీద జరిగాయి. చదువుకున్నవాళ్ళు చేయలేని పని, నేను చేశాను.

కానీ ఆ ఆకులు ఎక్కడివో. మిషను మీద ఒత్తి లారీలో వచ్చేవి. కట్టలు విప్పుతుంటే ఏ వాసనా లేదు. అందుకే పోయిన చైత్రంలో బస్సెక్కి ఉదయగిరి వెళ్ళాను.

ఓబమ్మ వాకిట్లో కాళ్ళు చాపుకొని కూర్చుని ఉంది. మోకాళ్ళు వాచి ఉన్నాయి. జుట్టు తెల్లగా నెరిసిపోయింది.

"గుర్తుపట్టినావా?"

"పట్టకేం. ప్లేట్ల శెట్టివి."

"ఆకులు కావాలి ఓబమ్మా. గిరాకీ వచ్చినాది."

"ఇన్నాళ్ళు యాడికి పోయిందంట?"

"యాడికీ పోలేదు. నేనే తరిమినాను."

కోడలు కామమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. తాగాను.

"ఆకుల మీద నాకేం కోపం లేదు. మా కామమ్మ కుట్టతాది, తెస్తాది. నేను మాత్రం రాను."

"ఎందుకు రావు?"

"తేవద్దన్నావని కాదు. యాపారం నీది, వద్దంటావు. ఇరవై ఏండ్లు కూర్చున్నదాన్ని, ఆ పొద్దు కూర్చో అనలేదే శెట్టీ."

ఖాళీ చెంబు కామమ్మకు అందించి బస్సు దారి పట్టాను. సభల్లో అరగంట మాట్లాడే నోరు నాది.

అప్పటి నుంచి మంగళవారం మంగళవారం కామమ్మ వస్తోంది. కట్టకు నూటరెండే ఉంటున్నాయి. మా ఆవిడ మజ్జిగ ఇస్తుంది. నేను అడుగుతాను, "మీ అత్త వస్తానన్నదా?" కామమ్మ తల అడ్డంగా ఊపుతుంది.

కిందటి నెలలో ఒకరోజు ఊపలేదు. "రానని అన్లేదు. శెట్టి కొట్టు మెట్లు ఇంకా అంతెత్తునే ఉండాయా అని అడిగినాది," అంది.

ఆ మాట విని మా ఆవిడ కొంగు కళ్ళకు అడ్డం పెట్టుకుంది. నేను బయటికి వెళ్ళి చూశాను. రెండే మెట్లు, ఒక్కొక్కటి మోకాలెత్తు. ఆ మోకాళ్ళతో ఎలా ఎక్కుతుంది? మరునాడే మేస్త్రీని పిలిపించాను. రెండిటినీ అయిదు చేయించి, పట్టుకోవడానికి పక్కన ఇనప కమ్మీ పెట్టించాను. ఈసారి శ్రీదివ్యను ఏ పాఠమూ అడగలేదు.

సిమెంటు ఆరి మూడు మంగళవారాలయింది. ఉదయగిరి బస్సు పదిన్నరకు వస్తుంది. పది నుంచే తక్కెడ మా ఆవిడకు అప్పగించి, నేను ఆ కమ్మీ దగ్గర నిలబడుతున్నాను. కనిపించగానే అనాల్సిన మాట ఒక్కటే ఉంది. దాన్ని ఈసారి ముందుగా అనాలి.