సీసాకు కుట్టిన చొక్కాలు

“ముందు వాసన చూడు, తర్వాత మాట్లాడుదువుగాని,” అంటూ పిన్ని గ్లాసు నా ముక్కు దగ్గర పెట్టింది. పులుపు ఘాటుకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“వైన్ పాతబడేకొద్దీ రుచి పెరుగుతుందన్నారు కదే!”

“సీసాని పడుకోబెట్టి, చల్లగా, చీకట్లో ఉంచితేనే పిన్నీ.”

పిన్నీ, ఆవిడ స్నేహితురాళ్ళిద్దరూ (నేను పెట్టిన పేర్లు పొడుగక్క, కళ్ళజోడు) కలిసి ఈ కర్టెన్లు కుట్టే దుకాణం పెట్టారు. తొలి పెద్ద పని ఓ నాటకశాల తెర. అది వేలాడదీసిన రోజున యజమాని మురిసిపోయి ఈ ఎర్ర వైన్ సీసా చేతిలో పెట్టాడు. దుకాణంలో నూలు దుమ్ము పడని చోటు ఇస్త్రీ బల్ల పైనున్న అర ఒక్కటే. అక్కడే నిలబెట్టారు. కింద రోజంతా ఆవిరి. అది చాలదన్నట్టు, ఏటా మిగిలిన గుడ్డల్లో మంచి ముక్క ఏరి సీసాకో చొక్కా కుట్టేవారు. పాతది విప్పకుండా దాని మీదే తొడిగేవారు. ఆ ముద్దు చూసి నేనూ నవ్వుకునేదాన్నే గాని, వైన్‌ని అలా ఉంచకూడదని తెలియదు. మొన్నమొన్ననే ఎక్కడో చదివాను.

అద్దె దుకాణం సొంతమైననాడు సీసా తెరుద్దామంది పొడుగక్క. “ఇంకా పాతబడనీవే,” అంది పిన్ని. కళ్ళజోడు కూతురి పెళ్ళప్పుడూ అదే మాట. తన అరవయ్యో పుట్టినరోజున పొడుగక్క బిరడా తీసే మర కూడా కొనుక్కొచ్చింది. పిన్ని దాన్ని లాక్కుని సొరుగులో పడేసింది.

రేపు పొడుగక్క ఆస్పత్రిలో చేరుతోంది, గొంతుకు ఆపరేషన్. ఆ తర్వాత నోటితో తినడం, తాగడం ఉంటుందో లేదో చెప్పలేమన్నారు డాక్టర్లు. అందుకే ఈ మధ్యాహ్నం చొక్కాలన్నీ వలిచి సీసా తెరిచారు. బిరడా పొడిపొడిగా రాలిపోయింది.

ముందు గదిలోంచి పొడుగక్క బొంగురు గొంతు వినిపించింది. “అన్ని చొక్కాలు తొడిగితే ఉక్కపోసి చచ్చిందే పాపం! నీ పెంపకం అంతే.”

కళ్ళజోడు పకపకా నవ్వింది. పిన్ని నవ్వలేదు. గ్లాసు సింకులో వంపేసింది.

“అది అడిగినప్పుడల్లా నేనే వద్దన్నాను. దాని గొంతులో హాయిగా దిగే రోజుల్లో నేను సీసాకి కాజాలు కుడుతూ కూర్చున్నానే.”

భుజం మీద చెయ్యి వేయబోతే విదిలించుకుంది.

“ఓదార్పులు తర్వాత. వీధి చివర కొట్టు తెరిచే ఉంటుంది, పరుగెత్తు. ఎర్రది ఏదైనా సరే, ఈ ఏడాదిదే తే. మూత అక్కడే తీయించు. మూసి ఉన్నది మాత్రం నా చేతికివ్వకు.”