ఒక్క కొబ్బరికాయ, రెండు జెర్సీలు

మొన్న ఆదివారం నా ఒంటి మీద నుంచి ఒక జెర్సీ ఊడింది, దాంతో పాటు నా పరువు కూడా ఊడింది. చెప్తాను వినండి. టీ మాత్రం పక్కన పెట్టి వినండి, మధ్యలో నవ్వొస్తే పొలమారుతుంది.

సుపేలా మార్కెట్లో నాదొక చిన్న టిఫిన్ సెంటర్. మా తాత విజయనగరం నుంచి స్టీల్ ప్లాంటు పనికొచ్చి భిలాయ్‌లోనే ఉండిపోయాడు. నాకు ప్లాంటులో ఉద్యోగం రాక దోసెల పెనం ముందు నిలబడ్డాను. మా నాన్న నాకు నేర్పిన వ్యాపారం ఒక్కటే, కస్టమర్ ఏమన్నా తలూపడం. చట్నీలో కారం ఎక్కువైందంటే అవును సార్, తక్కువైందంటే అవును సార్. తలూపడానికి గ్యాస్ ఖర్చు కూడా ఉండదు కదా!

నా షాపుకి ప్రతి ఆదివారం వచ్చే ఇద్దరున్నారు. ఒకరు బెంగాలీ, బిశ్వాస్ దాదా. రెండోవారు మలయాళీ, వర్గీస్ సార్. ప్లాంటులో ఇద్దరిదీ ఒకే డిపార్ట్‌మెంట్, క్వార్టర్లు పక్కపక్క వీధుల్లో. ముప్పై ఏళ్ళుగా కలిసి డ్యూటీ, కలిసి టీ. కానీ ఫుట్‌బాల్ మాటొస్తే ఉప్పూ నిప్పూ. దాదాది నీలం జెర్సీ క్లబ్బు, సార్‌ది ఎర్ర జెర్సీ క్లబ్బు. ఆ రెండు క్లబ్బులకీ ఒకదాని పేరు వింటే ఇంకోదానికి ఒళ్ళు మంట.

ఒక ఆదివారం దాదా, సూరిబాబూ నువ్వెవరి పార్టీ అని అడిగాడు. దోసె తిప్పుతూ, మీ పార్టీయే దాదా అన్నాను. తర్వాత ఎప్పుడో వర్గీస్ సార్ అదే మాట అడిగారు. ఇడ్లీ వడ్డిస్తూ, మీ వైపే సార్ అన్నాను. అప్పటికి ఫుట్‌బాల్ గురించి నాకు తెలిసిందల్లా బంతిని చేత్తో ముట్టుకోకూడదని. వాళ్ళు ఎక్కడో ఆడుకుంటారు, నాకేం పోయింది అనుకున్నాను.

పోయింది. ఈసారి నేషనల్ కప్ ఫైనల్‌కి వచ్చినవి ఆ రెండు క్లబ్బులే.

అయినా నవ్వేసి ఊరుకునేవాణ్ణే, కానీ నెలాఖరుకి ఆ ఇద్దరూ ఒకేరోజు రిటైర్ అవుతున్నారు. డిపార్ట్‌మెంట్ మొత్తానికి కలిపి ఒకటే పార్టీ, టిఫిన్లు నువ్వే చెయ్యాలి అని ఇద్దరూ అప్పటికే అనేశారు. నా బతుక్కి పెద్ద ఆర్డర్ అంటే ఎవరింట్లోనో సత్యనారాయణ వ్రతానికి పులిహోర కలపడమే. ఇద్దరిలో ఏ ఒక్కరికి కోపమొచ్చినా ఆ ఆర్డర్ పక్క ఊరు కుమ్హారి దగ్గరున్న ధాబాకి పోతుంది. ఆ భయంతో నాకు నిద్ర పట్టలేదు.

అంతలో దాదా నీలం జెర్సీ తెచ్చిచ్చాడు, ఫైనల్ రోజు ఇదే వేసుకుని మా ఇంటికి రావాలన్నాడు. మర్నాడు సార్ ఎర్రది తెచ్చారు, అదే మాటన్నారు. రెంటికీ తలూపాను. మా ఆవిడ సత్యవతి రెండూ ఉతికి దండెం మీద ఆరేసి, కాసేపు వాటి వంక చూసింది.

"ఇద్దరు పెళ్ళాలున్నోడి దండెంలాగుంది. ఒకాయనకి నిజం చెప్పీరాదేటి?" అంది.

వ్యాపారం నీకేం తెలుసు అన్నాను. తెలివంతా నాదే అనుకున్న రోజులవి, అంటే పోయిన వారం.

ఫైనల్ రోజు పొద్దున్నే గుడికెళ్ళి కొబ్బరికాయ కొట్టించాను. ఇద్దరి పేర్ల మీదా ఒక్కటే కాయ. ఒక చెక్క దాదాకి ఇచ్చి మీ టీమ్ గెలవాలని కొట్టించాను అన్నాను. రెండో చెక్క వర్గీస్ సార్‌కి ఇచ్చి అదే అన్నాను. ఆయన చర్చికి వెళ్ళే మనిషి, కానీ కొబ్బరి దగ్గర మలయాళీకి పట్టింపు ఉండదు, సంతోషంగా పుచ్చుకున్నారు. దేవుడు మాత్రం ఆ రోజు నన్ను గుర్తు పెట్టుకున్నాడు.

నా ప్లాన్ ఏమిటంటే, ఫస్టాఫ్ దాదా ఇంట్లో, సెకండాఫ్ వర్గీస్ సార్ ఇంట్లో. దారిలో బట్టలు మార్చుకునే చోటు ఉండదని లోపల ఎర్ర జెర్సీ వేసి, దాని మీద నీలం వేశాను. మధ్యలో పైది పీకేసి స్కూటర్ డిక్కీలో పడేస్తే సరి. భిలాయ్ మే నెల ఎండలో రెండు జెర్సీలు! ఇడ్లీ పాత్రలో ఇడ్లీ కూడా నాకంటే సుఖంగా ఉంటుంది.

దాదా ఇంట్లో నీలం వాళ్ళంతా హాల్లో కూర్చున్నారు. నేను మిరపకాయ బజ్జీలు తీసుకెళ్ళాను. అందరూ అరిచినప్పుడు అరుస్తూ, తిట్టినప్పుడు తిడుతూ ఫస్టాఫ్ లాగించేశాను, గోల్ ఎవరికీ పడలేదు. ఇక జారుకుందామని లేస్తున్నానో లేదో, బయట గేటు చప్పుడైంది. వర్గీస్ సార్! వెనకాల ఎర్ర జెర్సీల గుంపు. వాళ్ళ వీధిలో కరెంటు పోయిందట. ముప్పై ఏళ్ళ పోరు ఒక ఎత్తు, ఫైనల్ చూడకపోవడం ఒక ఎత్తు. దాదా కూడా రండి రండి అని కుర్చీలు జరిపించాడు.

వర్గీస్ సార్ నా ఒంటి మీద నీలం చూశారు. ఆయన మొహం వాడిపోయింది. పార్టీ టిఫిన్లన్నీ నా కళ్ళ ముందు ధాబాకి నడిచి వెళ్ళిపోతున్నాయి. గబగబా ఆయన చెవి దగ్గరికెళ్ళి, దాదా నొచ్చుకుంటాడని పైకి వేశాను సార్, లోపల మీదే అని కాలర్ కొంచెం లాగి ఎరుపు చూపించాను. ఆయన మురిసిపోయి నా వీపు తట్టారు. ఆహా సూరిబాబూ, గండం గట్టెక్కావురా అనుకున్నాను.

కాసేపటికి నీలం వాళ్ళు గోల్ కొట్టారు. హాలు అదిరిపోయింది. గోల్ పడితే జెర్సీ విప్పి గాల్లో తిప్పడం వాళ్ళకి ఆనవాయితీ అట, అందరూ విప్పేస్తున్నారు. నేను చేతులు కట్టుకుని, దాదా, నాకు కొంచెం జలుబు అన్నాను. దాదా వింటేగా! అరే, సిగ్గెందుకు భయ్యా అంటూ వెనక నుంచి నా జెర్సీ పట్టుకుని ఒక్క లాగు లాగాడు.

తల నీలం గుడ్డలో ఇరుక్కుంది. ఏమీ కనబడలేదు కానీ కేకలు ఒక్కసారిగా ఆగిపోవడం వినబడింది. బయటికొచ్చేసరికి నీలం గుంపు నడిమధ్యన ఎర్ర జెర్సీలో నేనున్నాను.

వర్గీస్ సార్ పగలబడి నవ్వారు. లోపల మావాడే దాదా, నాకు ముందే తెలుసు అన్నారు. దాదాకి రోషం వచ్చింది. వంటింట్లోంచి కొబ్బరి లడ్డూల పళ్ళెం తెప్పించి, మీవాడా, పొద్దున నా టీమ్ కోసం కొబ్బరికాయ కొట్టించి తెచ్చాడు, ఇవి ఆ కొబ్బరితో చేసినవే అన్నాడు.

వర్గీస్ సార్ నవ్వు ఆగిపోయింది.

"ఎన్ని చెక్కలిచ్చాడు?"

"ఒకటి."

"రెండోది మధ్యాహ్నం మా చేపల కూరలో పడింది" అన్నారు సార్.

ఇద్దరూ కలిసి నా వైపు తిరిగారు. ఇప్పుడు చెప్పు, నువ్వెవరి పార్టీ అని అడిగారు. హాలంతా టీవీకి వీపు పెట్టి నన్నే చూస్తోంది. అలవాటు చొప్పున ఇద్దరికీ తలూపాను.

సరిగ్గా అప్పుడే టీవీలోంచి పెద్ద అరుపు. ఎర్ర వాళ్ళు గోల్ కొట్టి స్కోరు సమం చేశారు. ఏళ్ళ తరబడి ఎదురుచూసిన ఆ గోల్ వర్గీస్ సార్ చూడలేదు. ఆయన నన్ను చూస్తున్నారు. తర్వాత రీప్లే వేశారు, కానీ రీప్లేకి ఎవడు గంతులేస్తాడు? ఆయన మొహం చూసి నాకు నిజంగానే బాధేసింది. సిగ్గుతో నీలం జెర్సీ చేత్తో పట్టుకుని, ఎర్ర జెర్సీతో స్కూటరెక్కి ఇంటికొచ్చేశాను. మా ఆవిడ నన్ను చూసి మంచినీళ్ళిచ్చింది.

కప్పు ఎవరు గెలిచారంటారా? చెప్పను. చెప్తే నేనెవరి పార్టీయో మళ్ళీ మొదలవుతుంది.

నిన్న ఇద్దరూ కలిసి షాపుకి వచ్చారు. ఆర్డర్ పోయిందనే అనుకున్నాను. ముప్పై ఏళ్ళలో మొదటిసారి ఫుట్‌బాల్ విషయంలో ఒక మాట మీదకొచ్చాం అన్నాడు దాదా. ఆ మాట ఏమిటంటే, టిఫిన్లు నువ్వే చెయ్యి, కానీ పార్టీలో ఇది వేసుకుని వడ్డించు. సంచీలోంచి రిఫరీ వేసుకునే నల్ల చొక్కా తీసి కౌంటర్ మీద పెట్టారు, పైన ఒక విజిల్ కూడా. తలూపాను. ఈసారి మనస్ఫూర్తిగానే.

రాత్రి ఇంట్లో కొలతకి వేసుకుని చూసుకుంటుంటే సత్యవతి దగ్గరికొచ్చి కాలర్ లాగి లోపలికి తొంగి చూసింది.

"ఇంకేటీ తొడగలేదు కదా?"

ఆవిడ ఒక్కతే అయితే ఫరవాలేదు. ఈ సంగతి సుపేలా అంతా పాకిపోయింది. పొద్దున్నించీ షాపుకొచ్చిన ప్రతి కస్టమరూ ముందు నా కాలర్ లాగి చూసి, ఆ తర్వాతే దోసె చెప్తున్నాడు.