మాటలయ్యాక మిగిలిన పాట

నా జీవితంలో నేను చేసిన అతి పెద్ద తెలివితక్కువ పనికి కొలత అడిగితే, బియ్యపు గింజంత అని చెప్పాలి. క్యాసెట్ వీపు మీద రెండు చివర్లా రెండు చిన్న ప్లాస్టిక్ పలుకులు ఉండేవి, మన వయసు వాళ్లకు గుర్తుండే ఉంటుంది; వాటిని విరగ్గొడితేనే లోపలి పాట పదిలం, లేకపోతే ఎవరైనా టేపులో పెట్టి ఎర్ర బటన్ నొక్కి దాని మీద తమ గొంతు ఎక్కించుకోవచ్చు. ఊరందరి చొక్కాలకూ గుండీలు కుట్టిన నాకు అప్పట్లో ఆ రెండు పలుకుల సంగతి తెలియదు. పోయిన నెల మా హుస్నాబాద్ చర్చికి వచ్చే ఒక చెల్లె, పెట్టె సర్దుతుంటే దొరికిందని పాత క్యాసెట్ తెచ్చి నా దుకాణంలో కుట్టుమిషన్ మీద పెట్టేదాకా, ఆ సంగతి మరిచిపోయినట్టే నటిస్తూ వచ్చాను.

నేను దర్జీని, యేసు పాటలు కట్టి పాడేవాణ్ణి. మీరు ఏ మిషన్ వాళ్లు అని పాస్టర్లు అడిగితే కుట్టుమిషన్ అనేవాణ్ణి. నవ్వినవాళ్లు లోపల పాడనిచ్చేవారు, నవ్వనివాళ్లు ఆరాధన అయ్యాక గేటు బయట నిలబడనిచ్చేవారు. నాట్లేసే ఆడవాళ్ల దగ్గరా, తొక్కే మిషన్ చప్పుడు దగ్గరా ఎత్తుకొచ్చిన నా బాణీలు, పెద్ద చర్చిల వాళ్లకు చెప్పులతో లోపలికొచ్చిన చుట్టంలా కనిపించేవి. కరీంనగర్‌లో ఒక చిన్న స్టూడియోలో డప్పు, చిడతలు, నా గొంతు కలిపి క్యాసెట్ చేయించి, సంచిలో వేసుకుని, నస్పూర్ గని కార్మికుల వాడల నుంచి ఆదిలాబాద్ పల్లెల దాకా బస్సుల్లో ఒక్కణ్ణే తిరిగేవాణ్ణి. మా అవ్వ పెళ్లి మాట ఎత్తినప్పుడల్లా ఈ క్యాసెట్ అయ్యాక అనేవాణ్ణి. క్యాసెట్‌కు రెండు వైపులుంటాయి గానీ నా బతుక్కు ఒక్క వైపే ఉండిపోయింది.

వింతేమిటంటే నా క్యాసెట్లు అమ్ముడుపోయేవి, మగవాళ్లు దుబాయ్‌లో ఉన్న పల్లెల్లో మరీను. ఆడవాళ్లు రెండేసి మూడేసి కొనేవారు, బాసర మొక్కు తీర్చుకుని ప్రసాదం చేత పట్టుకుని బస్సు దిగిన తల్లులు కూడా. సువార్త నా గొంతెక్కి ఇంత దూరం పోతోందా అని కిటికీ పక్కన కూర్చుని కళ్లు తుడుచుకున్న ప్రయాణాలున్నాయి.

ఒక వానాకాలం అలాంటి ఊళ్లోనే వాన పట్టుకుంటే ఒక ఇంటి అరుగెక్కాను. అత్తాకోడళ్లిద్దరే ఉన్నారు, కొడుకు దుబాయ్‌లో. కోడలు చాయ్ ఇచ్చింది. లోపల గూట్లో నా క్యాసెట్లు మూడు కనిపించేసరికి నోరు ఊరుకోక, పాటలు ఎట్లున్నయమ్మా అని అడిగాను. ఆమె ఏ పాటలు అన్నట్టు అత్త దిక్కు చూసింది. అత్త దాపరికం లేని మనిషి.

"నీ క్యాసెట్ మస్తు సాఫ్ ఉంటది బిడ్డా. దుకాన్ల ఖాళీవి కొంటె, గొంతు గరగర వస్తది. నీ దాంట్ల మాట్లాడి పంపితె మేం పక్కనే ఉన్నట్టు ఇనవడుతదంటడు మావోడు." నా మొహం చూసి జాలి కలిగిందేమో, "నీ పాట మొత్తం తీసెయ్యలే బిడ్డా, ఆఖరికి జరంత ఉంచినం. నా మాటలు అయిపోయినయి మరి" అంది.

పలుకుల రహస్యం అప్పుడు చెప్పాడు స్టూడియో అతను, నవ్వాపుకుంటూ. ఆ తర్వాతి క్యాసెట్లన్నిటికీ పట్టుదలగా నా కత్తెర మొనతోనే వాటిని విరగ్గొట్టాను. ఇక ఒక్కటీ కదల్లేదు. కొన్నవాళ్లు కూడా "గీసారి నీ క్యాసెట్ ఖరాబున్నదన్నా, మాట పడ్తలేదు" అని నా చేతికే తిరిగి ఇచ్చేశారు. మళ్లీసారి కత్తెర జేబులోనే ఉంచుకున్నాను. పాట కోసం కాకపోతేనేం, నా సంచి కోసం ఎదురుచూసే గుమ్మాలు ఈ లోకంలో అవొక్కటే కదా.

చెల్లె తెచ్చింది అలా మాట ఎక్కించిన క్యాసెట్టే. ఆమె ఆనాటి కోడలే. భర్త తిరిగొచ్చాక హుస్నాబాద్‌లో ఇల్లు కట్టుకుని ఇద్దరూ మా చర్చిలో చేరారు. నా పాటలు విని కాదు లెండి, బిడ్డ జ్వరంలో ఎవరో ప్రార్థన చేసినందుకు. అత్త పోయి చాలా ఏళ్లయింది. "మా ఆయన దుబాయ్ కెల్లి తెచ్చి దాసుకున్నడన్నా. మా ఇంట్ల టేపు లేదు. అత్తమ్మ గొంతు ఒక్కసారి ఇనాలె" అంది.

పెట్టాను. నా పాట రెండు ముక్కలు వచ్చి, టక్కుమని ఆగి, ముసలమ్మ అందుకుంది. కొడుకా, బర్రె ఈనింది. నీ అంగీ పెట్టెలకెల్లి తీసి ఎండకేస్తున్న, నువ్వు లేకున్నా దానికి ఎండ తగలాలె గద. తలుపుకు గొళ్లెం పెడ్తలేను, చెప్పకుంట వస్తవేమోనని. చెల్లె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వింది. మాటలు అయిపోయాయి, మళ్లీ టక్కుమని నా ఆఖరి చరణం ఎత్తుకుంది. "అయిపోయిందన్నా" అని ఆమె బటన్ నొక్కి, క్యాసెట్ కొంగున కట్టుకుని వెళ్లిపోయింది. మిగిలిన చరణం నేను మిషన్‌కు పాడి వినిపించాను.

ఇప్పుడు ఆ పల్లెల్లో రోజూ ఫోన్లో మొహాలు చూసుకుని మాట్లాడుకుంటున్నారు, మంచిదే. ఆ మాటలు ఎక్కడా నిలవవు, ఎప్పటికీ అయిపోవు. ఆఖరికి జరంత జాగా ఎవరికీ మిగలదు. సంచి తగిలించుకుని వెళ్లినా నన్ను ఏ అరుగూ ఎక్కించుకోదు.

అయితే ఒక పని చేశాను. నా పాట మీద వాళ్లు మాట ఎక్కించారు కదా, ఆ మాట మీద నేను పాట ఎక్కించాను. ప్రభువా, నీ అంగీ ఎండకేస్తున్నాను, తలుపుకు గొళ్లెం పెట్టలేదు, చెప్పకుండానే రా అని కట్టి, చివర్లో ఆ రోజు బటన్ కింద నలిగిన నా పాత చరణాన్నే అతికించి, పోయిన ఆదివారం చర్చిలో పాడాను. రెండో వరుసలో చెల్లె, పక్కన భర్త. నొక్కడానికి ఎవరి చేతిలోనూ బటన్ లేదు, అందరూ ఆఖరిదాకా వినాల్సొచ్చింది.

ఆరాధన అయ్యాక అతను కళ్లు తుడుచుకుంటూ వచ్చి నా ముందు నిలబడ్డాడు.

"గీ పాట ఎవలదన్నా?"

"మీ అవ్వదే తమ్మీ" అన్నాను. "ఆఖరికి జరంత నాది."