ఓడినవాళ్ళ పంటు

ప్రాణభయంతో పారిపోయేవాడు ఎటు పారిపోతాడండీ? తన్నేవాళ్ళు లేని వైపుకి. నేను మాత్రం సరిగ్గా వాళ్ళ ఒళ్ళోకే పారిపోయేను. ఇంకొంచెం టీ పోసుకోండి, చెప్తాను.

తొంభైల నాటి మాట. సఖినేటిపల్లి దగ్గర హైస్కూలుకి తెలుగు మాష్టారుగా కొత్తగా బదిలీ మీద వచ్చేను. ఆ ఊళ్ళో సత్తిబాబు గారని ఒకాయన ఉండేవారు. పేరుకి కొబ్బరికాయల వ్యాపారం, రోజంతా చేసేది మాత్రం ఊరి పని. ఎవరింట్లో పెళ్ళయినా వడ్డన దగ్గర ఆయనే. ఎవరికి ఒంట్లో బాగోకపోయినా స్కూటరు మీద రాజోలు ఆస్పత్రికి తీసుకెళ్ళేదీ ఆయనే. ఇద్దరు మనుషులు పరిచయం లేకుండా పక్కపక్కన నిలబడి ఉంటే ఆయనకి ఊపిరాడదు. ఇక వాలీబాల్ అంటే ఎంత పిచ్చంటే, నెట్టుని ఇంట్లో దేవుడి గూటి పక్కనే దాచుకునేవారు.

ఏటా వేసవిలో టోర్నమెంటు పెట్టేవారు. ఆ ఏడు ఫైనల్ మా ఊరికీ, ఏటి అవతల నరసాపురం జట్టుకీ. పొద్దున్నే నా గది ముందు స్కూటరు ఆపి, రిఫరీగా మీరే ఉండాలన్నారు. నాకు ఆట రాదండీ బాబూ అన్నాను.

"ఆట వచ్చినోళ్ళు బోల్డుమంది ఉన్నారండీ. మీకు రెండు ఊళ్ళలోనూ చుట్టాల్లేరు. అలాంటి మనిషి నాకెక్కడ దొరుకుతారు?" అంటూ మెళ్ళో విజిలు వేసేశారు.

బెంచీ మీద బెంచీ వేసి నన్ను పైకెక్కించారు. చుట్టూ జనం. అంత ఎత్తునుంచి చూస్తే ఒక్కో మొహంలో కోపం ఎంతుందో లెక్కపెట్టుకోవచ్చు. మొదటి సెట్టులోనే వెనకనుంచి దిగే దారి చూసుకున్నాను.

ఆఖరి సెట్టు. మా ఊరికి ఇంకొక్క పాయింటు చాలు. మావాడు ఎగిరి బలంగా కొట్టేడు. బంతి నా మొహం మీదకే వస్తోందనిపించి గట్టిగా కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి అది పక్క కాలవలో తేలుతోంది. గీతకి లోపల పడిందో బయట పడిందో నాకు తెలీదు. గీత దగ్గర నిలబెట్టిన ఆయన వైపు చూస్తే, ఆయన నా వైపే చూస్తున్నాడు. భయానికి విజిలు దానంతటదే మోగింది. చెయ్యి మా ఊరి వైపు లేచింది.

ఇటు ఈలలు, అటు తిట్లు. నాలుగు కుర్చీలు గాల్లోకి లేచేయి. నేను వెనకనుంచి దిగి, కొబ్బరితోటల్లోంచి చెప్పులు కూడా లేకుండా పరిగెత్తేను. ఓ తోటలో ఎంతసేపు నక్కేనో తెలీదు. చివరికి రేవుకి చేరేసరికి పంటు కదలబోతోంది. రెండు పడవలు కలిపి పైన బల్లలు పరిచిన ఆ పంటు మీదకి ఒక్క గెంతు గెంతేను. అవతల బస్సెక్కి మా సొంతూరు పోయి, వారం రోజులకి సెలవు చీటీ పంపుదామని ఆలోచన. పంటు ఒడ్డు వదిలింది. హమ్మయ్య అనుకుని తలెత్తేను.

చుట్టూ నీలం బనీన్లు, తెల్ల నంబర్లు. ఓడిన నరసాపురం జట్టు ఇంటికి ఏ దారిన వెళ్తుందో ఆ కంగారులో నాకు తట్టనేలేదు.

నాకు ఈత రాదు. జేబురుమాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఓ మోటారు సైకిలు వెనక నక్కేను. వాళ్ళ కెప్టెన్ తాటిచెట్టంత మనిషి. ఆ రిఫరీ గారు దొరికితే ఒక్కటే అడుగుతానంటున్నాడు. ఆ గొంతు వింటే, అడిగేది నోటితో కాదనిపించింది.

అప్పుడు వాళ్ళ మధ్యలోంచి లేచారు సత్తిబాబు గారు, చేతిలో పకోడీల పొట్లంతో. ఆయనకో అలవాటుందని నాకు అప్పటికి తెలీదు. గెలిచినవాళ్ళని ఊరికి వదిలేసి, ఓడినవాళ్ళని వాళ్ళ ఒడ్డు దాకా దింపొస్తారు. నన్ను చూడగానే ఆయన మొహం వెలిగిపోయింది. వద్దని రెండు చేతులూ ఊపేను. ఆయన దాన్ని పలకరింపనుకున్నారు.

"మన రిఫరీ గారండీ. ఓడినోళ్ళని దింపడానికి ఎవరూ చెప్పకుండానే వచ్చేరు. ఇలాంటి మనిషిని నేనెక్కడా చూళ్ళేదు."

కెప్టెన్ వచ్చి నా ముందు నిలబడ్డాడు.

"ఆ బంతి లోపల పడిందాండీ, బయట పడిందాండీ?"

అబద్ధమాడ్డానికి కూడా కాస్త ధైర్యం ఉండాలి. నాకదీ లేదు. "భయమేసి కళ్ళు మూసుకున్నానండీ" అన్నాను.

అతను ఇంకో అడుగు దగ్గరికొచ్చేడు. తరవాత తల గోక్కుంటూ, "ఆయ్, నేనూ మూసుకున్నానండీ. నా మీదకే వచ్చింది" అన్నాడు.

పంటంతా ఒకటే నవ్వు. సత్తిబాబు గారు నా చేతిలో పెట్టిన పకోడీలు సగం ఆ నవ్వులో గోదాట్లో పడిపోయేయి.

ఆ తరవాత పదేళ్ళు నేనే రిఫరీని. విజిలు వేరేవాళ్ళకిచ్చేక కూడా, ఏటా ఓడినవాళ్ళతో ఇద్దరం కలిసి ఆ ఒడ్డుకెళ్ళేవాళ్ళం. పోయినేడు సత్తిబాబు గారు పోయారు. అంత ఏడుపు మా ఇంట్లోవాళ్ళు పోయినప్పుడు కూడా ఏడవలేదు నేను. మొన్న ఫైనల్ అయ్యాక ఒక్కణ్ణే పంటెక్కేను. మాష్టారికి ఆయన మంచితనం అబ్బిందని ఊళ్ళో చెప్పుకుంటున్నారట. మంచితనమా నా మొహమా? నడి ఏట్లో నా పక్కన నిలబడ్డానికి ఇప్పుడు ఆయన లేరు. అందుకే ఫైనల్‌కి నెల ముందునుంచీ, ఈ వయసులో, రోజూ పొద్దున్నే కాలవలో దిగి ఈత నేర్చుకున్నాను.