వాస్తు ప్రకారం ఊగిన బస్సు

ఆ రోజుల్లో మా భిలాయిలో ఏ వస్తువు ఊగినా, వంగినా, కిర్రుమన్నా మందు ఒక్కటే: వెల్డింగ్. మంచం కోడు కదిలితే వెల్డింగ్, గేటు వాలితే వెల్డింగ్. మేముండే క్యాంప్ 2 బస్తీలో ఒకాయన దోమతెర కర్రలకి కూడా ఇనప కోణాలు అతికించుకున్నాడు. పొద్దున్న లేస్తే ఉక్కు కరిగే వాసన పీల్చేవాళ్ళకి ఇనుము మీద అంత నమ్మకం ఉండటంలో వింతేమీ లేదు. అప్పుడే పాలిటెక్నిక్ నుంచి మెకానికల్ డిప్లొమా పట్టుకుని వచ్చిన నాకూ ఆ నమ్మకం దండిగానే ఉండేది. (మా వీధిలో ఆ చదువు చదివిన మొదటి ఆడపిల్లని నేనే. ఆ సంగతి నా నడకలోనే తెలిసిపోతోందని మా అమ్మ విసుక్కునేది.)

మా మావయ్యకి క్యాంప్‌లో చిన్న వర్క్‌షాపు ఉండేది. ఎవరో పాత స్టాఫ్ బస్సు తీసేస్తుంటే కొనుక్కొచ్చి వర్క్‌షాపు వాకిట్లో నిలబెట్టి, "దీన్ని ఇల్లు సేసేస్తాను" అని ప్రకటించాడు. కారణం మా అమ్మమ్మ. ఆవిడకి నడుం నొప్పి. గంటసేపు కూర్చుంటే గంటసేపు పడుకోవాలి, బయటి నీళ్ళు ముట్టదు, రైలు మెట్లెక్కలేదు. ఆవిడ చెల్లెలు, అంటే మా చిన్నమ్మమ్మ, శ్రీకాకుళం దగ్గర పల్లెలో ఉండేది. ఆవిడకి కళ్ళు సరిగా కనపడక ఊరు దాటి రాలేదు. ఇద్దరూ కలుసుకుని ఎన్నేళ్ళయిందో వాళ్ళకే గుర్తులేదు. "దాని మొకం ఒక్కపాలి సూసి వొచ్చేస్తాన్రా, ఇంకేటీ అడగను" అని అమ్మమ్మ రోజూ అడిగేది. అందుకని మంచం, పొయ్యి, నీళ్ళ ట్యాంకు అన్నీ ఉన్న ఇల్లే చక్రాల మీద వెళ్ళాలన్నది మావయ్య ఆలోచన. ఆలోచన బంగారంలాంటిదే. కానీ ఇల్లు అనేసరికి మా వాస్తు బాబాయి వచ్చాడు.

బాబాయి మా నాన్నకి వరసకి తమ్ముడు. ఉక్కు ప్లాంటులో రిటైరయ్యాక వాస్తు పట్టుకున్నాడు. ఊళ్ళో ఎవరింట్లో జలుబు చేసినా వంటగది చోటు మార్పించేవాడు. బస్సు తూర్పుకి ముక్కు పెట్టి ఉండటం చూసి చాలా సంతోషించాడు. "తూరుపు మొకం ఇల్లు! బావా, నీ జాతకం తిరిగినట్టే" అని మావయ్య భుజం తట్టి, ఒక్కో మూలా తేల్చేశాడు. ఆగ్నేయంలో పొయ్యి ఉండాలి, కానీ అక్కడ డ్రైవర్ సీటుంది; పక్కనే ఇంజను ఉంది కాబట్టి అదే అగ్ని అని సర్దుకున్నాడు. ఈశాన్యం, అంటే ముందు ఎడమ మూల, తేలిగ్గా ఉండాలి కనక అక్కడ దేవుడి పటం ఒక్కటే. నైరుతి బరువుండాలి. అంటే బస్సుకి వెనక కుడి మూల. ఇనప బీరువా, బియ్యం బస్తాలు, పప్పు రుబ్బుకునే రోలు, ఇంటి పెద్ద గనక అమ్మమ్మ మంచం, అన్నీ అక్కడికే చేరాయి. నీళ్ళ ట్యాంకు కూడా నైరుతిలోనే, ఎత్తుమీద ఉండాలని టాపు మీదికి ఎక్కించారు. ఈ ఏర్పాటంతా స్కేలు పెట్టి బొమ్మ గీసిందెవరనుకున్నారు? నేనే. కింద పొడవైన సంతకం కూడా పెట్టాను.

మంచిరోజు చూసి బస్సులో గృహప్రవేశం చేశాం. పాలు పొంగాయి, అందరం చప్పట్లు కొట్టాం, ఆ ఆదివారమే పక్కనున్న కుమ్హారి దాకా వెళ్ళొద్దామని బయల్దేరాం. వీధి దాటేదాకా బాగానే ఉంది. పెద్ద రోడ్డెక్కి కాస్త వేగం అందుకోగానే బస్సు తల ఒకవైపు, తోక ఒకవైపు లాగడం మొదలుపెట్టింది. మావయ్య స్టీరింగు అటు తిప్పితే కాసేపు ఆలోచించుకుని ఇటు వెళ్ళేది. ఎదురుగా వచ్చిన లారీవాడు తల బయటపెట్టి, "అరే భయ్యా, పీకే చలా రహే హో క్యా?" అని అరిచాడు. (తాగి నడుపుతున్నాడట! మావయ్య జన్మలో చుక్క ముట్టలేదు. ఆ మాటకి వారం రోజులు బాధపడ్డాడు.) వెనక మంచం మీద అమ్మమ్మ రెండు చేతులతో బీరువా హ్యాండిల్ పట్టుకుని, "ఓలమ్మో, ఆపండ్రా, దింపేయండ్రా!" అని కేకలు. కుమ్హారిలో దిగి, "సాపలాంటి రోడ్డు మీదే ఇలాగుంటే దారిలో ఆ సాలూరు కొండల ఘాటీలో ఏటవుతాది? నాను రాను. దాని మొకం సూడ్డం నాకు రాసిపెట్టి లేదు" అని తేల్చి చెప్పింది. ఆ చివరి మాట అంటున్నప్పుడు ఆవిడ గొంతులో కోపం లేదు. అదే మమ్మల్ని ఎక్కువ కష్టపెట్టింది.

ఇక మరమ్మతులు మొదలయ్యాయి. స్టీరింగు రాడ్ల చివర్లు మార్చాం, ముందు చక్రాల కింగ్ పిన్నులు కొత్తవి వేశాం, టైర్లలో గాలి సరిచేశాం. కొంచెం నయమైనట్టే ఉండి వేగం పెరగ్గానే మళ్ళీ అదే నాట్యం. వెనక స్ప్రింగులకి ఇంకో రెండు పట్టీలు వేశాం. చివరికి మావయ్య తన అసలు మందు తీశాడు. "బరువు సాలక ఎగురుతోంది, దీన్ని కదలకుండా సేస్తానుండు" అని వెనక బంపరుకి రైలు పట్టాలాంటి దూలం ఒకటి వెల్డ్ చేశాడు. ఆ తర్వాత బస్సు టౌన్‌షిప్‌లో నున్నటి సెక్టార్ల రోడ్డు మీద, మెల్లిగా పోతున్నా కూడా ఊగింది.

అప్పుడు నాకు బుద్ధి పుట్టి, బస్సుని రాయ్‌పూర్ రోడ్డులో లారీలు తూచే ధరమ్ కాంటాకి తీసుకెళ్ళమన్నాను. ముందు చక్రాలు మాత్రం కాటా మీద పెట్టి ఒకసారి, మొత్తం బస్సు ఒకసారి తూయించాను. కాటావాడు అంకెలు చూసి నవ్వాడు. "దీదీ, ఆగే తో సిర్ఫ్ హవా హై!" ముందు ఉన్నది గాలేనట. నిజమే. బరువంతా వెనక చక్రాలకి కూడా వెనక వేలాడుతుంటే ముందు చక్రాలు నేలని తాకీ తాకనట్టు ఉన్నాయి, ఇంక స్టీరింగు ఎవరి మాట వింటుంది? టాపు మీద నీళ్ళు అటూ ఇటూ పొర్లుతూ దానికి తాళం వేస్తున్నాయి. నేను ఇంటికొచ్చి పలక మీద బాణాలు గీసి గురుత్వ కేంద్రం గురించి ఉపన్యాసం ఇచ్చాను. అందరూ శ్రద్ధగా విన్నారు. అయ్యాక బాబాయి, "అంతా బావుంది గానీ పిల్లా, నైరుతిలో బరువు తీస్తే ఇంటి యజమానికి గండం" అన్నాడు. మావయ్య ఆ ఇంటి యజమాని కనక ఇంకేమీ వినలేదు.

రెండు రోజులు అలిగాను. అన్నం మీద కాదు లెండి, మాటల మీదే. మూడో రోజు పొద్దున్న వాకిట్లో నిలబడి ఆ బస్సునే చూస్తుంటే ఒక ఊహ తట్టింది. పరుగెత్తుకెళ్ళి బాబాయిని పిల్చుకొచ్చాను.

"బాబాయ్, ఇంటికి మొకం ఏది?"

"సింహద్వారమే. ఇదేటి కొత్తగా అడుగుతున్నావు?"

"మరి ఈ ఇంటికి సింహద్వారం ఎక్కడుంది?"

బాబాయి నిమ్మకాయలు వేలాడుతున్న ముందు అద్దం వైపు చెయ్యి చూపించాడు.

"అందులోంచి ఎవరైనా లోపలికెళ్తారేటి?"

బాబాయి చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది. తర్వాత మెల్లిగా ఎడమ పక్కన ఉన్న తలుపు వైపు తిరిగింది. ఆ తలుపు ఉత్తరం చూస్తోంది. తలుపు తూర్పు చూడాలంటే బస్సు ముక్కు దక్షిణానికి పెట్టాలి. అలా పెడితే నైరుతి ఎక్కడికి వస్తుంది? డ్రైవర్ సీటు వెనక్కి! బాబాయి వాకిట్లో పుల్లతో గీతలు గీసి, చెరిపి, మళ్ళీ గీసి, చివరికి లేచి తుండు దులుపుకున్నాడు. "నాను మొదట్నించీ అనుకుంటనే ఉన్నాను, ఎక్కడో తేడా ఉందని. బావా, గాడీ తిప్పు!"

ఆ సాయంత్రానికి బీరువా, బస్తాలు, రోలు, అమ్మమ్మ మంచం అన్నీ ముందుకి వచ్చేశాయి. పొయ్యి ఆగ్నేయంలో, అంటే ముందు ఎడమ పక్కన, తలుపు దగ్గర కుదిరింది. ఇంక టాపు మీద ట్యాంకు. "ఇళ్ళకి నేలలో నీళ్ళ తొట్టి ఈశాన్యంలో ఉండాలంటారు కదా బాబాయ్" అని అమాయకంగా అడిగాను. ట్యాంకు దిగి బస్సు నేల కింద వెనక ఎడమ మూలకి వెళ్ళిపోయింది, నీళ్ళు పొర్లకుండా లోపల నాలుగు అడ్డు పలకలతో సహా. మావయ్య తన దూలాన్ని కోస్తున్నప్పుడు మాత్రం ఆయన ముఖం చూడలేకపోయాను. ఇల్లు మొకం మారింది కనక మళ్ళీ పాలు పొంగించాలన్నారు, పొంగించాం. మళ్ళీ కుమ్హారి దాకా వెళ్ళొచ్చాం. మావయ్య ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని రెండో చేత్తో మీసం దువ్వుకున్నాడు. ఇంటికొచ్చాక అమ్మమ్మ కొత్త చీర ఒకటి తీసి సంచిలో పెట్టుకుంది, చెల్లెలికోసం.

వారం తిరక్కుండా తెల్లవారుతుండగా బయల్దేరాం. దారిలో ఒక రాత్రి ఆగి పడుకుని, మర్నాడు ఘాటీ ఎక్కాం. ఒక్కో మలుపు దగ్గరా ప్రాణం అరచేతిలో పెట్టుకున్నాను. బస్సు మావయ్య తిప్పినంత తిరుగుతోంది, వదిలినంత వదులుతోంది. ఆ మలుపుల్లో ప్రతి ఒక్కదానికీ నేను లోలోపల మార్కులు వేసుకుంటున్నాను. దిగి సాలూరు దాటి, విజయనగరం దాటి, చిన్నమ్మమ్మ ఇంటిముందు బస్సు ఆగాక మంచం మీద అమ్మమ్మ కళ్ళు తెరిచి, "ఏటే ఆపేశారు? ఘాటీ ఎప్పుడొస్తాది?" అంది.

నేను జవాబు చెప్పేలోపే చిన్నమ్మమ్మ తలుపు తడుముకుంటూ మెట్టెక్కి లోపలికొచ్చింది. అప్పటికే మావయ్య బయట చేరినవాళ్ళందరికీ, "అంతా మా బావ వాస్తు మహత్యం, గాడీ తేరులా నడిచింది" అని చెబుతున్నాడు. బాబాయి వినయంగా తల వంచుకున్నాడు. ఇద్దరు లారీ యజమానులు అప్పుడే తమ లారీలకి వాస్తు అడుగుతున్నారు కూడా. కాటా మాట ఎవరూ ఎత్తలేదు. నాకు ఒళ్ళు మండిపోయి బస్సు వెనక్కి వెళ్ళి ఒక్కదాన్నే నిలబడ్డాను. ఎవరైనా వెతుక్కుంటూ వచ్చి, "స్టీరింగు బాగా కుదిరిందమ్మా" అంటారేమోనని చాలాసేపు చూశాను. ఎవరూ రాలేదు. లోపల్నించి ఇద్దరు ముసలమ్మలు ఒకేసారి మాట్లాడుతున్న చప్పుడు, మధ్యలో నవ్వు, కాసేపు ఏ చప్పుడూ లేకపోవడం, మళ్ళీ మాటలు. తర్వాత అమ్మ చెప్పింది: చిన్నమ్మమ్మకి కళ్ళు ఆనక అక్క ముఖమంతా వేళ్ళతో తడిమి చూసుకుందట, అమ్మమ్మ కదలకుండా పిల్లలా కూర్చుందట.

అది నేను చూడలేదు. అలిగి బస్సు వెనక నిలబడ్డాను కదా. ఇప్పుడు అప్పటి ఆ పిల్లని తలుచుకుంటే నాకు నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. ఎక్కడైనా కనిపిస్తే చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళి, "నీ స్టీరింగు సంగతి తర్వాత, ముందు వీళ్ళని చూడవే" అంటాను.