ముప్పై ఎనిమిదో మేకు కోసం ముడిమ్యాల దాకా

ఈ ప్రయాణం నిజానికి చేవెళ్ల రోడ్డు మీద కాదు, భూటాన్ కొండల్లో మొదలైంది. పోయిన అక్టోబరులో అక్కడ తిరుగుతూ, వాళ్లూ మనమూ కలిసి కట్టుకున్న ఒక జలవిద్యుత్ కేంద్రం చూడటానికి వెళ్లాను. డ్యాం ముందు నిలబడి నాలుగు ఫొటోలు దిగితే నా పని అయిపోయేది. కానీ సందర్శకుల గదిలో గోడకు ఒక పాత చెక్క బోర్డు కనిపించింది. దాని నిండా వరసగా మేకులు, ఒక్కో మేకుకు నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ల. ముప్పై ఎనిమిదో మేకు ఒక్కటే ఖాళీ. నా నోరు ఊరుకోదు కదా, ఎందుకని అడిగాను.

ఆ గది చూసుకునే దోర్జి, ఈ కేంద్రానికి నీళ్లొచ్చే సొరంగం తవ్విన రోజుల్లో ఫోర్‌మన్. హిందీలో ఓపిగ్గా చెప్పాడు. లోపలికి వెళ్లే ప్రతి మనిషీ తన బిళ్ల తీసి జేబులో వేసుకోవాలి, బయటికి రాగానే మళ్లీ తన చేత్తోనే తగిలించాలి. మేకు ఖాళీగా ఉంటే మనిషి లోపల ఉన్నట్టే. అన్నీ నిండేదాకా రాయి పేల్చరు, ఫోర్‌మన్ ఇంటికి వెళ్లడు. "ముప్పై ఎనిమిది మీ తెలుగువాడే. ప్రభుదాస్. ఊరు చేవెళ్ల పక్కన ముడిమ్యాల అనేవాడు. ఒకరోజు బిళ్ల జేబులో పెట్టుకునే జీపెక్కి వెళ్లిపోయాడు. ఫోను కలవదు. వచ్చే వేసవిలో నేను రిటైర్ అవుతాను. లోపల మనిషి ఉండగా ఇంటికెలా వెళ్లను?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు కానీ అది హాస్యం కాదని తెలుస్తూనే ఉంది. ఇంకో బిళ్ల చేయిద్దామని ఆఫీసువాళ్లు చెప్పినా ఒప్పుకోలేదట. వెతికి పట్టుకుంటానని నేను మాట ఇచ్చేశాను.

తిరిగొచ్చాక మొదటి ఆదివారం పొద్దున ఏడింటికి మెహదీపట్నంలో చేవెళ్ల బస్సెక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్, కాబట్టి ఖర్చు లేదు. మొయినాబాద్ దాకా రోడ్డుకు రెండు పక్కలా ఫామ్‌హౌసుల గేట్లు, ఫంక్షన్ హాళ్ల బోర్డులే. ఎంకపల్లి వైపు తిరిగే దారి దాటాక గానీ పొలాలు కనిపించలేదు. గంటంపావులో చేవెళ్లలో దిగి, స్టాండు పక్కన ఇడ్లీ తిని, ముడిమ్యాల ఆటో దగ్గరికి వెళ్లాను.

"ఎవలింటికి మేడం?" అన్నాడు డ్రైవరు.

"ప్రభుదాస్ అని..."

"మా ఊర్ల ప్రభుదాసులు ముగ్గురున్నరు. ఏ ప్రభుదాసు?"

"భూటాన్‌లో సొరంగం తవ్విన ఆయన."

"సొరంగం ప్రభుదాసా! గట్ల చెప్పాలె. కానీ ఐతారం పొద్దుగాల పోతే ఇంటికి తాళమే ఉంటది. చర్చికాడ దించుత, జర ఆగుండ్రి."

ఆదివారం బయలుదేరినందుకు నన్ను నేనే తిట్టుకుంటూ చర్చి బయట అరుగు మీద పదకొండు దాటేదాకా కూర్చున్నాను. ప్రార్థన అయ్యాక తెల్ల చొక్కాలో ఒక సన్నటి మనిషి, పక్కన భార్య సువార్త బయటికొచ్చారు. సొరంగం ప్రభుదాస్ ఆయనేనని పక్కనవాళ్లు చూపించారు. దోర్జి పేరు చెప్పగానే ఆయన చేతిలోని సంచిని దగ్గరికి లాక్కున్నాడు. ఆమె మాత్రం తేలిగ్గా నవ్వి, "ఆ బిళ్ల బైబిల్ సంచిల పెట్టుకొని తిరుగుతడు అక్కా. ఒక్కసారి ఫోన్ చెయ్యరాదయ్యా అంటే తల దించుకుంటడు," అని అక్కడికక్కడే మొగుడి గుట్టు బయటపెట్టేసింది.

వాళ్ల క్యారెట్ చేను దగ్గర కూర్చుని మాట్లాడుకున్నాం. "బిడ్డ పుట్టేటప్పుడు ఈమెకు శాన కష్టమైంది అక్కా. దవాఖానల ఏసినమని ఫోన్ వచ్చింది. కిందికి జీపు పోతున్నది, నెత్తి మీది టోపీ తియ్యకుంటనే ఎక్కిన. రైలెక్కినంక జేబుల చెయ్యి పెడితే బిళ్ల! నా కోసం లోపలంత ఎతికి ఉంటరు. ఇగ ఏ మొకం పెట్టుకొని ఫోన్ చెయ్యాలె?"

నిజంగానే వెతికారని, దోర్జి నాతో అన్నదే చెప్పాను. రెండు దేశాల వాళ్లూ టార్చిలైట్లు పట్టుకుని సొరంగమంతా గాలించారట. జీపు డ్రైవరు తిరిగొచ్చి చెప్పాకే అందరికీ ప్రాణం లేచొచ్చిందట. తిట్టినవాడు మాత్రం ఒక్కడూ లేడట. ప్రభుదాస్ సంచిలోంచి బిళ్ల తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. తర్వాత లేచి బోరు మోటరు వేసి వచ్చాడు.

"సొరంగం కాడ పొద్దుగాల మనోళ్లు కొబ్బరికాయ కొట్టేది, భూటానోళ్లు వెన్న దీపం పెట్టేది, నేను కండ్లు మూసుకొని ప్రార్థన చేసేది. మూడూ అయితేనే మిషన్ స్టార్ట్. మిరపకాయలే కూర వండుకుంటరు అక్కా వాళ్లు, మన కారం ఏ మూలకు! ఈ మోటరు ఏసినప్పుడల్ల అనుకుంట, ఆడ పుట్టిన కరెంటు చిటికెడన్న ఈ తీగెలకెళ్లి వస్తున్నదేమో అని."

బిళ్ల నాకిస్తే పంపిస్తానన్నాను. వెంటనే పిడికిలి మూసేశాడు. "వద్దక్కా. తీసిన చెయ్యే పెట్టాలె." ఇక లాభం లేదని నేనే దోర్జికి ఫోన్ కలిపి, మనిషి దొరికాడని చెప్పి ప్రభుదాస్ చేతిలో పెట్టాను. కుశల ప్రశ్నలు లేవు. షిఫ్టు అయ్యాక సొరంగం మూతి దగ్గర అడిగినట్టే అవతల నుంచి హిందీలో ఒకే ప్రశ్న వచ్చింది.

"ముప్పై ఎనిమిది, బయటికి వచ్చావా?"

ప్రభుదాస్ లేచి నిలబడ్డాడు. "ఇంకా లేదు ఉస్తాద్. వస్తున్నా," అన్నాడు హిందీలోనే, కళ్లు తుడుచుకుంటూ. నాకూ ఏడుపు ఆగలేదు. సువార్త మాత్రం, "ఒక్కనివే పోతవా? నేనూ వస్త. గా మనిషికి దండం పెట్టాలె," అంది.

రెండు దేశాల స్నేహం గురించి చదివినప్పుడల్లా నాకు ఒప్పందాలు, సంతకాలే గుర్తొచ్చేవి. తిరుగు బస్సులో, ఒళ్లో సువార్త ఇచ్చిన క్యారెట్ల సంచితో కూర్చుంటే, అవతలివాడు క్షేమంగా బయటికొచ్చేదాకా ఇంటికి వెళ్లని ఆ ఫోర్‌మనే గుర్తొచ్చాడు. చేవెళ్ల బస్సుకు ఆధార్ సరిపోతుంది గానీ భూటాన్‌లోకి దానితో రానివ్వరు, పాస్‌పోర్టో ఓటరు కార్డో తప్పకుండా పెట్టుకోండి. క్యారెట్ కోత అయ్యాక వీళ్లిద్దరూ అవి పట్టుకునే బయలుదేరుతున్నారు. ఆ తర్వాత ఎప్పుడైనా మీరు అటు వెళ్తే ఆ గదిలో బోర్డు చూడండి. ముప్పై ఎనిమిదో మేకుకు బిళ్ల ఉంటే, దోర్జి ఇంటికి వెళ్లిపోయాడని అర్థం.