కూర్చుని తినే పండుగ

మా మేనత్త చనిపోయిందని నాకు మనిషి చెప్పలేదు, ఫ్లెక్సీ చెప్పింది. వైరాలో మా ఆఫీసుకు ఫోన్ చేసి "అత్తకు సీరియస్ అయింది, జల్దీ రా" అన్నారంతే. ఉన్నపళంగా బస్సెక్కి, ఖమ్మంలో మారి, భద్రాచలం రోడ్డు మీద మా ఊరి క్రాస్ రోడ్డులో దిగేసరికి రెండు కరెంటు స్తంభాల మధ్య ఆ గుడ్డ కట్టేసి ఉంది. దాని మీద ముప్పాతిక వంతు లారీ ఓనర్ల సంఘం ప్రెసిడెంటుగారే. చేతులు జోడించి, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్నాడు. ఏ ఎన్నికలప్పుడో తీయించుకున్న ఫొటో అయి ఉంటుంది. ఆయన మోచేతి కింద, తపాలా బిళ్ళంత మేర, మా అత్త. పైన ఎర్రక్షరాలతో "రవాణా రంగ మాతృమూర్తికి కన్నీటి నివాళి".

పొద్దున ప్రాణం పోతే మధ్యాహ్నానికి ఫ్లెక్సీ లేచింది. నాకు అప్పుడు ఏడుపు రాలేదు. ఇంటికి పోయాక వచ్చింది.

అత్త నా పక్కన ఉంటే ఆ గుడ్డను చూసి ఒక్క మాట అనేది: "థూ." ఆవిడకు నచ్చనివి లోకంలో చాలా ఉండేవి. మాడిన తిరగమోత, పొగడ్త, మైకు, శాలువా. అన్నింటికీ ఆ ఒక్క మాటే. పోయినవాళ్ళ గురించి మెత్తగా రాయాలంటారు. నాకు చేతకావడం లేదు, మీరే కొంచెం ఓర్చుకోండి.

అత్త మెస్సు లారీల అడ్డాను ఆనుకుని ఉండేది. అడవిలోంచి వచ్చే వెదురు, తునికాకు, జామాయిల్ కర్ర, అడవి అవతలి నుంచి బొగ్గు, మా వైపు నుంచి మిర్చి బస్తాలు, ఏ లోడైనా అక్కడ కాసేపు ఆగి పోవలసిందే. రేకుల షెడ్డు, రెండు పొయ్యిలు, నాలుగు బల్లలు. ఆ జాగా ప్రెసిడెంటుగారిది, అత్తది కిరాయి. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందుముందు దీనితో పని ఉంది.

డ్రైవర్లు నిలబడి తింటారని మీరు గమనించారో లేదో. చేతిలో ప్లేటు, కన్ను బండి మీద, చెవి ఓనరు పిలుపు మీద. అది చూస్తే అత్తకు వెగటు. ఎవడైనా నిలబడి ప్లేటు చాపితే గరిటెతో గిన్నె అంచు మీద టంగుమని కొట్టేది.

"కూసొని తిను. బండి యాడికి పోదు."

వాడు కూర్చునేదాకా కూర పడేది కాదు. కొత్తవాళ్ళు గొణిగేవారు. పాతవాళ్ళు గరిటె చప్పుడు వినగానే బల్ల వెతుక్కునేవారు.

దీనికంతటికీ కారణం మా మామ. ఆయనా లారీ డ్రైవరే. ఇంటికి వచ్చినా గుమ్మంలో నిలబడి, వీధిలో ఆపిన బండి వైపు చూస్తూ తినేవాడు. చివరిసారి కూడా, లోడు ఆలస్యమవుతుందని ఓనరు మనిషి వచ్చి తొందరపెడితే, సగం అన్నంలోంచి లేచి చెయ్యి కడుక్కుంటూనే వెళ్ళిపోయాడు. అడవి మలుపులో బండి బోల్తా పడింది. ఆ రోజు సంగతి ఎవరైనా ఎత్తితే అత్త "ఇంకింత కూర ఎయ్యనా?" అనేది. అంతకుమించి ఆవిడ నోటి నుంచి నేనెప్పుడూ ఏమీ వినలేదు.

పండుగ ఎలా మొదలైందో చెప్తాను. దసరానాడు అడ్డాలో బండ్లకు పూజ. డ్రైవర్లు, క్లీనర్లు పొద్దుటి నుంచి లారీలు కడిగి, తుడిచి, బొట్లు పెట్టి, బంతిపూల దండలు కట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, అన్నీ అయ్యాక ఖాళీ కడుపులతో ఒక పక్కకు నిలబడేవారు. ఓనర్లు కొబ్బరికాయ కొట్టి, ఫొటో దిగి పోయేవారు. ఒక ఏడాది అత్త దిష్టి గుమ్మడికాయ పగిలిన చోటు దాకా వచ్చి నిలబడి అందరికీ వినబడేలా అడిగింది.

"బండికి దండేసిండ్రు, దిష్టి తీసిండ్రు. నడిపెటోనికి ఏంది?"

మర్నాడు అత్త మెస్సు మూసేసి, యాటను కోయించి, అందరినీ వరసగా కూర్చోబెట్టి వడ్డించింది.

మర్నాడే ఎందుకంటే, మా అడ్డాలో సగం మంది డ్రైవర్లు చర్చికి పోయే ఇళ్ళవాళ్ళు. పూజలో పెట్టింది తినరు. అడవి పల్లెల నుంచి వచ్చే క్లీనర్లకు వాళ్ళ వేల్పులు వేరే ఉన్నారు. అందుకని అత్త ఆ కూరను ఏ దేవుడికీ చూపించేది కాదు. దీపం లేదు, ప్రార్థన లేదు, కొబ్బరికాయ లేదు. "ఇది మనుషుల కూర" అనేది. మొదటి బంతి క్లీనర్లకు, తర్వాత డ్రైవర్లకు, మిగిలితే ఓనర్లకు. ఓనర్లలో మంచివాళ్ళు నవ్వుకుంటూ చివరి బంతిలో కూర్చునేవారు. మిగతావాళ్ళకు ఆ దసరా తర్వాత రోజున ఎక్కడో అర్జంటు పని పడేది.

డిగ్రీ అయి ఉద్యోగం లేక తిరుగుతున్న నాకు మైకు పని అప్పజెప్పారు. ఆ రోజే లారీని వెనక్కి నడిపే పోటీ ఉండేది. రెండు వరసల డ్రమ్ములు, వాటి మీద నీళ్ళ చెంబులు, మధ్యలో లారీ పట్టీ పట్టనంత సందు. నీళ్ళు తొణికితే ఓడినట్టు. ప్రతి ఏడూ గెలిచేది మా అడ్డాలో అందరికంటే వయసు మళ్ళిన డ్రైవరు. ఆయన్ను అందరూ పెద్దాయన అనేవారు. బహుమతి తలకాయ కూర. అత్త స్వయంగా వడ్డించేది, ఆయన తిన్నంతసేపూ పక్కనే నిలబడేది. అంతకన్నా మంచి సన్మానం నేను ఇంతవరకు చూడలేదు.

తర్వాత మా ఊరికి ఫ్లెక్సీలు వచ్చాయి. వాటి వెనకే ఈ రోత కూడా వచ్చింది.

ఒకరోజు ప్రెసిడెంటుగారు పదిమందిని వెంటేసుకుని మెస్సుకు వచ్చాడు. వస్తూనే పొయ్యి ముందున్న అత్త భుజాల మీద శాలువా కప్పి, ఫొటో తీయించాడు.

"అక్కా, నువ్వు పెట్టిన మొక్క ఇది. మేము చెట్టు చేస్తం. 'రవాణా రంగ వారోత్సవాలు' అని పేరు పెట్టినం. కాలేజీ గ్రౌండుల సభ. పెద్ద పెద్దోళ్లు వస్తున్నరు."

"డ్రైవర్లు యాడ కూసుంటరు?" అంది అత్త.

"అందరు కూసుంటరక్కా. స్టేజీ మీదోళ్లకు నువ్వే వండాలె, నీ చేతి కూర తినాలని ఒకటే అంటున్నరు. మిగతోళ్లకు పొట్లాలు."

"పొట్లం నిలబడే తింటరు."

ఆ మాట ఆయన చెవిన పడలేదు, అప్పటికే పక్కవాడితో బ్యానర్ల లెక్క మాట్లాడుతున్నాడు. ఆయన పోయాక అత్త శాలువా తీసి చూసింది. "ఈ ఎండల ఇదేంది అల్లుడా, మనిషిని ఉడకబెట్టెటందుకా?" అని, దాన్ని నాలుగు మడతలు పెట్టి, కుతకుతలాడుతున్న పప్పు గిన్నెను దానితో పట్టుకుని దించింది. ఆ రోజు నుంచి అది మెస్సులో మసిగుడ్డ.

దసరా మర్నాడు, అత్త కూర రోజునే, సభ వచ్చింది. గ్రౌండు నింపాలి కదా. కారేపల్లి వైపు నుంచీ, అడవి పల్లెల నుంచీ జనాన్ని తోలుకొచ్చారు. లారీల్లో, ట్రాక్టర్లలో, జీపుల్లో. మరి ఆ బండ్లు నడిపిందెవరు? డ్రైవర్ల పండుగకు జనాన్ని దింపి, డ్రైవర్లు బండ్లు తీసుకుని ఊరి బయట జామాయిల్ తోట పక్కనున్న బీడులోకి పోవాలి. అది పార్కింగు. బండి విడిచి ఎవరూ రావొద్దని ఆర్డరు. పొట్లాలు అక్కడికి పంపాలన్న సంగతి ఒక్కరికీ తట్టలేదు.

నేను మైకు దగ్గర ఉన్నాను. స్టేజీ మీద పట్టనంత మంది ఉన్నారు, స్టీరింగు పట్టినవాడు ఒక్కడు లేడు. ఒకాయన డ్రైవరన్న దేశానికి వెన్నెముక అన్నాడు. ఇంకొకాయన గుండెకాయ అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు, కొట్టడానికే తెచ్చారు కాబట్టి. చివరికి ఉత్తమ డ్రైవరు అవార్డు. నా చేతికి కాగితం ఇచ్చారు, అందులో మా పెద్దాయన పేరు. పిలిచాను. మళ్ళీ పిలిచాను. ఎక్కడి నుంచి వస్తాడు, బీడులో బండి కాపలా కాస్తున్నాడు. ఆఖరుకు ఆయన ఓనరు కొడుకు, స్కూటరు కూడా వంకర లేకుండా నడపలేనివాడు, జుట్టు సవరించుకుంటూ వచ్చి ఆయన తరఫున శాలువా కప్పించుకున్నాడు. ఫొటోలు మెరిశాయి. నాకు ఇప్పటికీ ఆ మెరుపు తలచుకుంటే నోట్లో చేదు ఊరుతుంది.

స్టేజీ వెనక అత్త వంట ముగించి గిన్నెలన్నీ దించి ఉంచింది. నన్ను చేత్తో పిలిచింది.

"పెద్దాయన ఏడి?"

"పార్కింగుల ఉన్నడు అత్తా."

"అన్నం తిన్నరా వాళ్లు?"

"ఎవరు పంపలే."

అత్త స్టేజీ వైపు, శాలువా కప్పుకున్న కుర్రాడి వైపు చూసి "థూ" అంది. ట్రాలీ ఆటోను పిలిచి గిన్నెలు ఎక్కించడం మొదలుపెట్టింది. ప్రెసిడెంటుగారు మెట్లు దిగి పరుగున వచ్చాడు.

"ఏందక్కా ఇది? పెద్దసారు తినకుండ పోతడా?"

"పోనియ్యి."

ఆయన గొంతు తగ్గించాడు. దూరం నుంచి ఎవరో చూస్తున్నారని మొహం మీద నవ్వు మాత్రం తీయలేదు. "నీ మెస్సు నా జాగల ఉన్నది. మర్చిపోయినవా?"

"జాగ నీది. కూర నాది" అంది అత్త, ఆటో ఎక్కి గిన్నెను ఒళ్ళో పట్టుకుని కూర్చుంది.

నేనూ మైకు వదిలేసి ఎక్కాను. బీడులో లారీల నీడన అత్త అందరినీ కూర్చోబెట్టింది. పెద్దవాళ్ళ కోసం వేయించిన మసాలా అంతా మా క్లీనర్ల విస్తళ్ళలో పడింది. పెద్దాయన రెండు ముద్దలు తిని అడిగాడు, "సభల ఏమైందక్కా?"

"నీకు శాలువ కప్పిండ్రు."

"నాకా?"

"అవ్. నీ ఓనరు కొడుకు భుజాల మీద."

బంతి అంతా ఘొల్లున నవ్వింది. పెద్దాయనా నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

దీపావళి రాకముందే మెస్సు మీదికి పొక్లెయిన్ వచ్చింది. రేకులు వంచి పక్కన పోశారు. ఇప్పుడు అక్కడ సంఘం ఆఫీసు ఉంది, ముందు గోడ మీద నవ్వుతున్న లారీ డ్రైవరు బొమ్మ వేయించారు. ఆ దారిన పోయినప్పుడల్లా నేను మొహం తిప్పుకుంటాను.

అత్త అడవి చెక్‌పోస్టు అవతలికి మారింది. డ్రైవర్లు లారీల మీద కప్పే పాత టార్పాలిన్లు తెచ్చి పందిరి వేశారు. కట్టెల పొయ్యి, వానకు కారే కప్పు, ముందు వచ్చిన బేరంలో సగం కూడా లేదు. ప్రతి ఏడూ గ్రౌండులో ప్రెసిడెంటుగారి వారోత్సవం జరిగేది, అదే రోజు బీడులో అత్త కూర ఉడికేది. పొగకు దగ్గు పట్టుకుంది. దవాఖానాకు పోదామంటే "పొయ్యి ఆర్పితే మళ్ల నిలబడి తింటరు" అనేది. ఒకసారి ఉండబట్టలేక అడిగాను, ఆ ఒక్కరోజు స్టేజీకి వడ్డించి ఉంటే మెస్సు మిగిలేది కదా అని.

"మెస్సు ఉండేది అల్లుడా. నాకే అన్నం సయించకపోయేది."

ఆ మాటకు నేను ఆవిడకు ఎంత రుణపడి ఉన్నానో చెప్పలేను. ఉద్యోగంలో నాకూ కొన్ని స్టేజీలు ఎదురయ్యాయి. అన్నం సయించడం ముఖ్యమని అక్కడ గుర్తొచ్చేది.

అత్త దినాల రోజు పొద్దున ఇంటి దగ్గర కార్యం అయింది. మధ్యాహ్నం అదే గ్రౌండులో ప్రెసిడెంటుగారి సంతాప సభ. మిర్చి కోతలు మానిపించి జనాన్ని మళ్ళీ లారీల్లో తెచ్చారు. మెస్సు కూలగొట్టించిన ఆ నోటితోనే ఆయన "అక్క నాకు అన్నం పెట్టిన తల్లి" అన్నాడు. రుమాలుతో కళ్ళు ఒత్తుకున్నాడు, రుమాలు మడత కూడా నలగలేదు. అత్త ఫొటోకు శాలువా కప్పారు. ఇంకో శాలువా చేతిలో పట్టుకుని, కుటుంబ సభ్యులు వేదిక మీదికి రావాలని నా పేరు పిలవడం మొదలుపెట్టారు. నేను లేచాను. నా పేరు వెనక మోగుతూనే ఉంది, నేను బీడు వైపు నడిచాను.

బీడులో అత్త గిన్నెలే. పెద్దాయన వండాడు. మసిపట్టిన ఆ పాత శాలువాతో గిన్నె దించి, గరిటెతో అంచు మీద టంగుమని కొట్టాడు. అందరూ లారీల నీడన ఆకు విస్తళ్ళ ముందు కూర్చున్నారు. నేనూ కూర్చున్నాను. నా పక్కన తెల్ల యూనిఫారంలో ఉన్నది ప్రెసిడెంటుగారి కారు డ్రైవరు. ఆ కారు లారీల వెనక ఆపి ఉంది.

సగం తిన్నామో లేదో, సభ ముగిసి జనం వచ్చి లారీల్లోకి ఎక్కి కూర్చున్నారు. వాళ్ళ వెనక ప్రెసిడెంటుగారు, చేతిలో నేను కప్పించుకోని శాలువా.

"ఏందిరా, ఇంక తింటనే ఉన్నరా? జల్దీ తీయుండ్రి బండ్లు. నాకు భద్రాచలంల మీటింగున్నది."

పెద్దాయన తల ఎత్తలేదు. "తింటున్నం సార్. బండి యాడికి పోదు."

ప్రెసిడెంటుగారు తన డ్రైవరు వైపు చూశాడు. ఓనరు ఎదుట ఎన్నడూ కూర్చుని తిని ఎరగని డ్రైవరు అతను. ఒక్క క్షణం ముద్ద నోటి దగ్గర ఆగింది. తర్వాత విస్తరి కొంచెం ముందుకు జరిపి, "ఇంకింత కూర ఎయ్యి పెద్దాయనా" అన్నాడు.

ప్రెసిడెంటుగారు పోయి కారు తలుపు లాగి చూశాడు. తాళం వేసి ఉంది. పెద్దాయన కూర వేసి, నిలబడి ఉన్న ఆ ఒక్క మనిషి వైపు చూసి, గరిటెతో గిన్నె అంచు మీద టంగుమని కొట్టాడు. ప్రెసిడెంటుగారు కూర్చోలేదు. మడత విప్పని శాలువాతో, తాళం వేసిన తలుపు పక్కన, ఎండలో అలాగే నిలబడ్డాడు. బంతిలో ఎవరూ తొందరపడలేదు.